ఆమెను ఇంకోసారి, ఒంటరిగా అడగండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఆరోగ్య శాఖ మంత్రులకు, ఆ శాఖల ఉన్నతాధికారులకు, బర్న్స్ వార్డులున్న ప్రభుత్వ ఆసుపత్రుల సూపరింటెండెంట్లకు,

నమస్కారం. నేను స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. సర్వీసులో పదిహేడేళ్లు కాలిన గాయాల వార్డులోనే గడిచాయి. ఏ ఊరు, ఏ ఆసుపత్రి అన్నది రాయడం లేదు. ఇది ఒక్క చోటి సంగతి అయితే అక్కడి సూపరింటెండెంటుకే చెప్పుకునేదాన్ని. వేరే జిల్లాల్లో పనిచేసిన సిస్టర్లతో కూర్చుని మాట్లాడినప్పుడల్లా నేను చూసిందే వాళ్లూ చూశారని తెలిసింది కాబట్టి మీ అందరికీ కలిపి రాస్తున్నాను. కాలిన గాయాలతో చేరిన మనిషిని ఎలా కాలిందని ఇంకోసారి, ఇంటివాళ్లు పక్కన లేకుండా అడగాలన్నదే నా కోరిక.

రాత్రి పదకొండు దాటాక 108 వచ్చి ఆగుతుంది. స్ట్రెచర్ మీద ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల అమ్మాయి. ఒంటికి అతుక్కుపోయిన నైలాన్ చీర ముక్కలు, జుట్టులోంచి కిరోసిన్ వాసన. డ్యూటీ డాక్టరు సెలైన్ ఎక్కించడానికి నరం వెతుకుతుంటాడు, హౌస్ సర్జన్ ఎంత పర్సెంట్ కాలిందో లెక్కేస్తుంటాడు, ఆ హడావుడిలోనే ఎవరో ఒకరు "ఎలా కాలిందమ్మా?" అని అడుగుతారు. అడిగేది ఆ అమ్మాయిని. జవాబు చెప్పేది పక్కన నిలబడ్డ అత్తగారో, మొగుడో. "స్టవ్ పేలిందయ్యా, వంట చేస్తుంటే." ఇంట్లో గ్యాస్ ఉందా, కిరోసిన్ ఎక్కడిది, ఆ టైములో వంటేమిటి అని ఎవరూ అడగరు. అమ్మాయి ఔనన్నట్టు తల ఊపుతుంది. కేస్ షీట్‌లో ఎలా కాలిందన్న హిస్టరీ దగ్గర 'యాక్సిడెంటల్', అంటే ప్రమాదం, అని పడుతుంది. మొత్తం రెండు నిమిషాలు కూడా పట్టదు.

క్యాజువాలిటీ డాక్టర్ల తప్పని నేను అనను. ఆ రెండు నిమిషాల్లో వాళ్లు చేయాల్సిన పని ప్రాణం నిలబెట్టడం. యాభై కిలోల మనిషికి నలభై శాతం కాలితే మొదటి ఇరవై నాలుగు గంటల్లో దాదాపు ఎనిమిది లీటర్ల సెలైన్ ఎక్కాలి, అందులో సగం మొదటి ఎనిమిది గంటల్లోనే, ఆ ఎనిమిది గంటలు కూడా ఆసుపత్రికి వచ్చినప్పటి నుంచి కాదు, కాలినప్పటి నుంచి. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఒక గంట, పోలీసు కేసని చేర్చుకోని ప్రైవేటు ఆసుపత్రి గుమ్మంలో ఇంకో గంట పోయాక మా దగ్గరికి వస్తే మిగిలేది ఎంత? అందుకే ఆ రాత్రి ఎలా కాలిందన్న ప్రశ్న లోతుగా అడగడం కుదరదు, ఒప్పుకుంటాను. నా బాధ అది కాదు. ఆ రాత్రి కుదరనిది తర్వాత కూడా ఎవరూ అడగకపోవడం నా బాధ.

ఎందుకంటే ఆ ఒక్క మాట ఆమె వెంట చివరిదాకా వెళ్తుంది. ఎమ్మెల్సీ, అంటే పోలీసులకు తెలియజేయాల్సిన మెడికో లీగల్ కేసుల రిజిస్టర్‌లో అదే, అవుట్‌పోస్ట్ కానిస్టేబుల్ స్టేషన్‌కి పంపే కాగితంలో అదే, డిశ్చార్జ్ కార్డులోనో లేకపోతే డెత్ సమ్మరీలోనో అదే. ఏడాది చివర లెక్క పైకి పంపేటప్పుడు 'ప్రమాదవశాత్తు' అనే వరసలో ఆమె ఒక అంకె.

ఒకామె గురించి చెప్తాను. పేరు చెప్పను, ఊరు చెప్పను. ముప్పై ఎనిమిది శాతం, మెడ, ఛాతీ, రెండు చేతులు, పొట్ట పైభాగం. రాసింది యాక్సిడెంటల్ అనే. మూడో రోజు పొద్దున డ్రెస్సింగ్ గదిలో పాత గుడ్డ తడిపి తీస్తున్నాను. కాలిన గాయాల వార్డు గురించి తెలియనివాళ్లకు ఇది చెప్పాలి, డ్రెస్సింగ్ అనేది అక్కడ కాలడమంత నొప్పి, రోజూ. నొప్పి మందు ఇచ్చినా అరుస్తారు. ఆ గదిలోకి అటెండెంట్లను రానివ్వం, ఇన్‌ఫెక్షన్ వస్తుందని. అంటే రోజు మొత్తంలో ఆమె తన అత్తింటివాళ్లకు దూరంగా ఉండేది ఆ నలభై నిమిషాలే. తెల్ల మందు రాస్తుంటే ఆమె నా చెయ్యి పట్టుకుని, "సిస్టరమ్మా, నేను పోసుకోలేదు" అంది. స్టవ్ పేలిందని కదా రాశారు, పోసుకోలేదంటుందేమిటని నాకు ఒక క్షణం అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. ఇంట్లో మొదట అందరూ అనుకున్న మాట 'తనే పోసుకుంది' అని, ఆసుపత్రికి వచ్చేలోపు దాన్ని 'స్టవ్' అని మార్చారని, నిజానికి రెండూ కాదని.

నేను వార్డు డాక్టరుకు చెప్పాను. చిన్నవాడు, మంచివాడే, "హిస్టరీ రాసేశారు కదా సిస్టర్, ఇప్పుడు మారిస్తే కోర్టులో నన్ను అడుగుతారు" అన్నాడు. అవుట్‌పోస్ట్‌లో చెప్తే, స్టేట్‌మెంట్ అయిపోయింది, ఆమె సంతకం కూడా ఉందన్నారు. అది సంతకం కాదు, బొటనవేలి ముద్ర. రెండు చేతులూ కాలిన మనిషి వేలిముద్ర. నేనూ అంతటితో ఊరుకున్నాను. రాతపూర్వకంగా పెట్టి ఉండాల్సింది, పెట్టలేదు. ఆమె బతికింది. నలభై ఒకటో రోజున డిశ్చార్జ్ అయింది. డిశ్చార్జ్ కాగితం మీద సంతకం పెట్టి ఇంటికి తీసుకెళ్లింది ఆ మొగుడే. ఆరు నెలలకు మెడ దగ్గర చర్మం ముడుచుకుపోయి గడ్డం ఛాతీకి అంటుకున్నట్టయి ఆపరేషన్ కోసం వచ్చింది, అప్పుడూ పక్కన అతనే ఉన్నాడు. ఆపరేషన్ తర్వాత మూడుసార్లు రావాల్సింది, ఒక్కసారే వచ్చింది. ఆ తర్వాత ఏమైందో నాకు తెలియదు.

ఇలాంటివి ఎన్ని అని మీరు అడగొచ్చు. అసలు చిక్కే అది, లెక్క లేదు. 2009లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. 2001వ సంవత్సరంలో మన దేశంలో మంటల వల్ల చనిపోయినవాళ్లు 1,63,000 మందికి పైనే అని అంచనా కట్టారు. అందులో 1,06,000 మంది ఆడవాళ్లు, వాళ్లలోనూ ఎక్కువమంది 15 నుంచి 34 ఏళ్ల మధ్యవాళ్లు. పోలీసు రికార్డుల్లో ఉన్నదానికి ఇది ఆరు రెట్లు. ఒక్క వంటగది ప్రమాదాలే కారణమైతే, నలభై యాభై ఏళ్లుగా వంట చేస్తున్న మా అమ్మల వయసువాళ్లు కూడా అంతే లెక్కన కాలాలి కదా. పెళ్లయిన కొత్తలో, పిల్లలు చిన్నవాళ్లుగా ఉన్న వయసులోనే అంతమంది ఎందుకు కాలుతున్నారు? అది కిరణాయిల్ స్టవ్వులు ఎక్కువగా ఉన్న కాలం, నిజమే. 1999లో దీపం పథకం వచ్చింది, 2016లో ఉజ్వల వచ్చింది, రేషన్ కిరోసిన్ తగ్గిపోయింది. నేను వార్డులో చేరినప్పటికీ రిటైరైనప్పటికీ కేసులు తగ్గడం నా కళ్లతో చూశాను. ఆ పథకాలు పెట్టినవాళ్లకు దండం పెడతాను, వంటగదిలో నిజంగా జరిగే ప్రమాదాలు వాటివల్లే తగ్గాయి. కానీ ప్రమాదాలు తగ్గేకొద్దీ మిగిలినవాటిలో కావాలని జరిగినవే ఎక్కువగా కనిపించాయి, కిరోసిన్ వాసన పోయి పెట్రోల్ వాసన వచ్చింది. పెట్రోల్ ఇంకా ఘోరం. ఆవిరికే అంటుకుంటుంది, ముఖం, ముక్కు, గొంతు లోపలి దాకా కాలుతుంది.

కావాలని అంటించిన గాయానికీ ప్రమాదం గాయానికీ పడక మీద తేడా తెలుస్తుంది. పాలు పొంగో, నూనె చిందో, గ్యాస్ లీకయ్యో కాలితే ఎక్కువసార్లు చేతులు, ముఖం, కాళ్ల ముందు భాగం, పది పదిహేను శాతం. మనిషి అరుస్తుంది, పరుగెడుతుంది, ఎవరో నీళ్లు పోస్తారు. కావాలని జరిగినప్పుడు అలా కాదు. ఒళ్లంతా, లోతుగా, యాభై అరవై శాతం దాటి, తరచూ ఊపిరితిత్తుల్లో పొగతో వస్తారు. అందుకే చావులు కూడా ఈ గుంపులోనే ఎక్కువ. అలాగని మచ్చలు చూసి నేరం తేల్చేయొచ్చని నేను చెప్పను. సిలిండర్ లీకై ఇంటిల్లిపాదీ కాలిన కుటుంబాలకు నేను డ్రెస్సింగ్ చేశాను, భార్యను కాపాడబోయి రెండు చేతులూ కాల్చుకున్న భర్తను అందరూ హంతకుడిలా చూస్తుంటే అతను గోడవైపు తిరిగి ఏడవడం చూశాను. అందుకే అడగాలంటున్నాను. అడగకపోతే నిర్దోషికీ న్యాయం జరగదు.

ఇంకో మాట, ఇది ఎక్కువమందికి తెలియదు. మన ఫారాల్లో మూడే గడులుంటాయి. ప్రమాదం, ఆత్మహత్యాయత్నం, హత్యాయత్నం. వార్డులోని మనుషులు ఈ మూడింట్లో ఇమడరు. తాగొచ్చి రోజూ కొడుతుంటే బెదిరిద్దామని ఒంటి మీద పోసుకున్న ఆమె, "చస్తే చావు" అంటూ అగ్గిపెట్టె ఆమె ముందు పడేసిన అతను. అంటుకున్నాక తలుపు తీయకుండా నిలబడ్డ ఇంట్లోవాళ్లు. కట్నం బాకీ గురించి మూడేళ్లుగా వింటూ వింటూ ఒకరోజు తట్టుకోలేకపోయిన పిల్ల. వీళ్లను ఏ గడిలో వేస్తారు? 'తనే అంటించుకుంది' అని రాస్తే కాగితం పని అయిపోయినట్టు, ఎవరి బాధ్యతా లేనట్టు అయిపోతుంది. కానీ చట్టం అలా అనడం లేదు. భారతీయ న్యాయ సంహిత 80వ సెక్షన్, అంటే పాత 304బి, పెళ్లయిన ఏడేళ్లలోపు స్త్రీ మరణం గురించి చెప్పేటప్పుడు మొదటి మాటే 'కాలిన గాయాలు'. ఎవరు అంటించారన్నది ఒక్కటే కాదు, అంతకు ముందు కట్నం కోసం వేధించారా అన్నది కూడా చూడమంటుంది. ఆ సంగతి కేస్ షీట్ రాసే హౌస్ సర్జన్‌కి ఎవరూ చెప్పరు.

ఆమె నిజం ఎందుకు చెప్పదు అని బయటివాళ్లు విసుక్కుంటారు. మీరూ ఆలోచించండి. పిల్లలు ఆ ఇంట్లో ఉన్నారు. "నోరు తెరిస్తే వాళ్ల మొహం చూడవు" అని ఎవరో చెవిలో చెప్పారు. మందులు, గుడ్లు, కొబ్బరినీళ్లు తెస్తున్నది అతనే. పుట్టింటివాళ్లకు ఇంకో ఆడపిల్ల పెళ్లికుంది, కేసంటే భయం. తనే అంటించుకుని ఉంటే తన మీద కేసు పెట్టి జైల్లో వేస్తారని ఇంకో భయం, పాత 309 సెక్షన్ మాట అందరి నోటా విన్నదే కదా. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ వచ్చాక, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు, పైగా ఆ మనిషికి చికిత్స, పునరావాసం కల్పించే బాధ్యత ప్రభుత్వానిదే అని ఉంది. 2024 జూలై 1 నుంచి అమలైన కొత్త న్యాయ సంహితలో ఆ 309 అలాగే లేదు, ప్రభుత్వోద్యోగిని బెదిరించి పని ఆపడానికి చేసిన ప్రయత్నానికి మాత్రమే వేరే సెక్షన్ ఉంచారు. ఇన్ని మార్పులు జరిగాయి. మా వార్డు గోడ మీద మాత్రం 'సెల్‌ఫోన్ వాడరాదు', 'చెప్పులు బయట విడువుము' అని రెండే బోర్డులు. మీ మీద కేసు ఉండదు, భయపడకండి అని తెలుగులో ఒక్క బోర్డు క్యాజువాలిటీలో పెట్టించడానికి ఎంత ఖర్చు?

ఇక మరణ వాంగ్మూలం. కాలిన గాయాల్లో ఒక క్రూరమైన సంగతి ఉంది. ఎనభై శాతం కాలినా మొదటి రోజు, రెండో రోజు మనిషి మాట్లాడుతూనే ఉంటుంది. నీళ్లడుగుతుంది, పిల్లల్ని అడుగుతుంది. లోతుగా కాలిన చోట నరాలు కూడా పోవడం వల్ల నొప్పి కూడా అంత తెలియదు. ఇంట్లోవాళ్లు బాగానే ఉందనుకుంటారు. మాకు తెలుసు. తర్వాత కిడ్నీలు, ఊపిరితిత్తులు, వారం పది రోజులకు సెప్సిస్, అంటే ఒళ్లంతా పాకిన ఇన్‌ఫెక్షన్. ఆ మాట్లాడగలిగే సమయంలోనే మేజిస్ట్రేటు వస్తారు, డాక్టరు స్పృహలో ఉందని రాస్తారు, ప్రశ్నలు అడుగుతారు. ఆమె చనిపోతే ఆ కాగితం చాలా పెద్ద సాక్ష్యం. పాత సాక్ష్య చట్టం 32వ సెక్షన్, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియం 26. నమ్మదగినదైతే ఆ ఒక్కదాని మీదే శిక్ష వేయొచ్చని సుప్రీంకోర్టు 1957లోనే చెప్పింది. కానీ క్యాజువాలిటీలో స్టవ్ అని, పోలీసుకు తనే అని, మేజిస్ట్రేటుకు భర్త అని మూడు రకాలుగా ఉంటే? కోర్టులో డిఫెన్సు లాయరు మొదట అడిగేది మా కేస్ షీట్ గురించే. మీ ఆసుపత్రి కాగితంలోనే ప్రమాదం అని ఉంది కదా అంటాడు. మొదటి రాత్రి అత్తగారు చెప్పిన మాట రెండేళ్ల తర్వాత కోర్టులో కొడుకును కాపాడుతుంది. హిస్టరీ ఎవరు చెప్పారో, పక్కన ఎవరున్నారో ఆ పేజీలో ఒక్క లైను రాసి ఉంటే చాలు, దాని బరువు ఎంతో కోర్టే చూసుకుంటుంది.

బతికితే సంగతి ఇంకా అన్యాయం. బతికిన మనిషి చెప్పింది మరణ వాంగ్మూలం కాదు, ఆ విలువ పోతుంది. ఆమె కోర్టుకు వెళ్లి తన నోటితో చెప్పాలి. మరి ఆ లోపల ఆమె దగ్గరికి ఎవరు వెళ్తున్నారు? చచ్చిపోతుందనుకున్నప్పుడు అర్ధరాత్రి మేజిస్ట్రేటును పిలిపించే వ్యవస్థ, బతుకుతుందని తెలిశాక ఒక్క మనిషిని కూడా పంపదు.

తనే అంటించుకున్నవాళ్ల గురించి కూడా రాయాలి, ఎందుకంటే వార్డులో అందరికన్నా ఒంటరివాళ్లు వాళ్లే. డ్రెస్సింగ్ చేస్తూ "ఎందుకు చేశావు ఈ పని, పిల్లలు గుర్తురాలేదా" అని తిట్టే సిస్టర్లను చూశాను, మొదట్లో నేనూ తిట్టాను. ఇవాళ తలుచుకుంటే సిగ్గేస్తుంది. నా దగ్గర నోరు విప్పినవాళ్లలో ఎక్కువమంది చెప్పింది ఒకటే, అంటుకున్న మరుక్షణం బతకాలనిపించిందని. ఆ మాట చెప్పిన మనిషిని సైకియాట్రీ వాళ్లు వచ్చి చూసింది వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అదే కాంపౌండ్‌లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది, మధ్యలో రెండు బిల్డింగులు. కట్లతో ఉన్న మనిషి అక్కడికి నడిచి వెళ్లలేదు, వాళ్లు ఇక్కడికి రారు. డిశ్చార్జ్ కార్డు మీద మందుల పేర్లు రాస్తాం, పక్కనే 14416 అని టెలీ మానస్ నంబర్ రాయాలని ఎవరికీ తట్టదు. ఆ సేవ 2022 నుంచి ఉంది, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ఇది చదువుతున్నవాళ్లలో ఎవరికైనా అలాంటి ఆలోచన వస్తుంటే, దయచేసి ఇప్పుడే ఆ నంబర్‌కి ఫోన్ చేయండి, పక్కనున్న ఒక్క మనిషికైనా చెప్పండి.

మన రెండు రాష్ట్రాలకూ ఈ విషయంలో ఒక పాత గాయం ఉంది. 2009 నవంబరు 29న ప్రత్యేక తెలంగాణ కోసం ఎల్బీనగర్‌లో నిప్పంటించుకున్న శ్రీకాంతాచారి డిసెంబరు 3న చనిపోయాడు. టీవీలు ఆ మంటను మళ్లీ మళ్లీ చూపించాయి. మధ్యలో గడిచిన ఆ రోజులు, ఆసుపత్రి మంచం మీద ఒక కుర్రాడు ఏం పడ్డాడో ఎవరూ చూపించలేదు. చూపించమని కాదు నేననేది. మంటను చూపించొద్దని. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇంజనీరింగ్ చదివే ఇద్దరు అమ్మాయిల మీద యాసిడ్ పోసినప్పుడు, 2019 నవంబరులో అబ్దుల్లాపూర్‌మెట్‌లో తహసీల్దారును ఆఫీసులోనే పెట్రోల్ పోసి తగలబెట్టినప్పుడు రాష్ట్రం అంతా కదిలింది. ఆ రెండో ఘటనలో ఆమెను కాపాడబోయిన డ్రైవరు, అంటించినవాడు కూడా కాలిన గాయాలతోనే పోయారు. అవి బయట జరిగాయి, అందరూ చూశారు. మా వార్డుకు వచ్చేవి తలుపుల వెనక జరిగినవి.

చట్టంలో కూడా ఈ తేడా ఉంది, దయచేసి గమనించండి. యాసిడ్ బాధితులకు ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులు ఉచితంగా వెంటనే చికిత్స చేయాలని చట్టమే చెప్పింది, పాత సీఆర్‌పీసీ 357సి, ఇప్పుడు నాగరిక సురక్షా సంహిత 397. 2013లో సుప్రీంకోర్టు వాళ్లకు కనీసం 3 లక్షల పరిహారం ఇవ్వాలంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం యాసిడ్ బాధితులను పేరు పెట్టి చేర్చింది. ఇవన్నీ పోరాడి సాధించుకున్నవి, చాలా మంచివి. కానీ పెట్రోల్ పోసి అంటించిన మొగుడి భార్యకు? ముఖం అదే, మెడ అదే, కళ్లు మూతపడకపోవడం అదే. ఆమె పేరు ఆ జాబితాల్లో ఉండదు. ఒక్క చోట ఉంది. 2018లో జాతీయ న్యాయ సేవల సంస్థ తయారుచేసిన మహిళా బాధితుల పరిహార పథకంలో కాలిన గాయాల బాధితులకు ప్రత్యేకంగా ఒక వరస ఉంది, రూపం దెబ్బతింటే 7 లక్షల నుంచి 8 లక్షల దాకా. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు చేసుకోవాలి. నా సర్వీసులో ఆ దరఖాస్తు పెట్టిన పేషెంటును ఒక్కరిని కూడా చూడలేదు, నాకే ఆ పథకం సంగతి రిటైరయ్యే ముందు తెలిసింది. అయినా పెట్టుకోవాలంటే అది నేరమై ఉండాలి. కేస్ షీట్‌లో ఏముంది? యాక్సిడెంటల్. మళ్లీ అక్కడికే వచ్చాం.

ఆ డబ్బు లేక ఏమవుతుందో కూడా తెలియాలి. గాయం మానడంతో పని అయిపోదు. బిగుతు బట్టలు, ప్రెషర్ గార్మెంట్స్ అంటారు, రోజుకు ఇరవై మూడు గంటల చొప్పున ఏడాది పైగా వేసుకోవాలి, ఎండాకాలంలో కూడా. మెడకు, చంకకు, మోచేతికి స్ప్లింట్ కట్టుకోవాలి, రోజూ వ్యాయామం చేయాలి, లేకపోతే చర్మం ముడుచుకుని చెయ్యి పైకి లేవదు. ఇంటికెళ్తే ఎవరు చేయిస్తారు? వార్డులో ఉన్నప్పుడే తిండి చాలదు. నలభై శాతం కాలిన యాభై కిలోల మనిషికి రోజుకు 2,800 క్యాలరీల పైనే కావాలి, మామూలు మనిషికి అవసరమైనదానికన్నా చాలా ఎక్కువ. మాకొచ్చే డైట్‌లో అన్నం, నీళ్ల పప్పు, ఒక గుడ్డు. పుట్టింటివాళ్లున్న పేషెంట్లు తేరుకునేవాళ్లు, ఎవరూ లేనివాళ్లు ఎండిపోయేవాళ్లు. చర్మ బ్యాంకు సంగతి కూడా ఇందులోదే. 2021లో ఉస్మానియా ఆసుపత్రిలో స్కిన్ బ్యాంక్ మొదలైంది, సంతోషం. చనిపోయిన ఆరు గంటల్లోపు తొడల నుంచి, వీపు నుంచి పైపొర తీసుకుంటారు, బ్లడ్ గ్రూపు కలవక్కర్లేదు, శరీరం వికారంగా మారదు, అయిదేళ్ల దాకా నిలవ ఉంటుంది. కళ్లు ఇవ్వొచ్చని మన ఊళ్లలో అందరికీ తెలుసు. చర్మం ఇవ్వొచ్చని తెలిసినవాళ్లు ఎంతమంది? మిగతా బోధనాసుపత్రులకు కూడా అది రావాలి.

కానీ ఎన్ని కోరినా నా మొదటి కోరిక ఒకటే. రెండో హిస్టరీ. చేరిన డెబ్భై రెండు గంటల్లోపు, పేషెంటు మాట్లాడే స్థితిలో ఉన్నప్పుడు, అటెండెంట్లు ఎవరూ లేకుండా, యూనిఫాం వేసుకోని ఒక శిక్షణ పొందిన మహిళ ఆమెను మళ్లీ అడగాలి. ఆ పేజీ కేస్ షీట్‌లో భాగం కావాలి. మొదటి రాత్రి రాసింది కొట్టేయక్కర్లేదు, అది ఎవరు చెప్పారో పక్కన రాస్తే చాలు. మనుషులు ఎక్కడ దొరుకుతారని అంటారేమో. ప్రతి జిల్లాలో హింసకు గురైన ఆడవాళ్ల కోసం సఖి కేంద్రాలున్నాయి, 181 మహిళా హెల్ప్‌లైన్ ఉంది, అక్కడ కౌన్సెలర్లున్నారు. వాళ్ల దగ్గరికి వెళ్లలేని ఒకే ఒక్క రకం బాధితులు బర్న్స్ వార్డులోవాళ్లు, అందుకని ఆ కౌన్సెలర్లే రోజుకొకసారి ఇటు రావాలి. ఇది కొత్తగా కనిపెట్టాల్సిన పని కూడా కాదు. ముంబై బాంద్రాలోని మున్సిపల్ ఆసుపత్రిలో 2000లోనే దిలాసా పేరుతో ఆసుపత్రి లోపలే ఇలాంటి కేంద్రం పెట్టారు. చెన్నైలో కీల్పాక్ ఆసుపత్రి కాలిన గాయాల వార్డులో మహిళా సంస్థ వాళ్లు పేషెంట్లతో కలిసి పనిచేస్తున్నారు. 2005 గృహహింస చట్టం కూడా ఆసుపత్రికి బాధ్యత ఉందనే చెప్తోంది. హైదరాబాద్‌లో, విశాఖలో, గుంటూరులో, వరంగల్‌లో, తిరుపతిలో ఎందుకు కాకూడదు?

ఆమె నిజం చెప్పినా కేసు వద్దనొచ్చు. వద్దంటే బలవంతం చేయకండి. ఎమ్మెల్సీ కబురు ఎలాగూ వెళ్తుంది, అది చట్టం. కానీ డిశ్చార్జ్ రోజున ఎవరి వెంట పంపుతున్నామో ఆలోచించడానికైనా ఆ మాట కావాలి. ఆ ఇంటికి కాకుండా పుట్టింటికో, ఒకప్పుడు స్వధార్ అన్న శక్తి సదన్ లాంటి షెల్టర్‌కో పంపొచ్చు. పదిహేను రోజులకొకసారి ఆశా కార్యకర్త వెళ్లి చూసి రావొచ్చు. బాలింతల్ని చూడటానికి వెళ్తున్నారు కదా, కాలిపోయి బతికొచ్చిన ఆమెను కూడా ఆ దారిలోనే చూడొచ్చు. ఇంకా, ప్రతి బర్న్స్ వార్డు ఏడాదికి ఒకసారి లెక్క బయటపెట్టాలి. ఎంతమంది చేరారు, మొదటి హిస్టరీ ఏమిటి, రెండోది ఏమిటి, ఎంతమంది పోయారు, ఎంతమంది ఎక్కడికి వెళ్లారు. పేర్లు వద్దు. మొదటి మాటకూ రెండో మాటకూ మధ్య ఎంత తేడా వస్తుందో ఒక్క ఏడాది చూడండి, ఆ అంకెలు చూశాక నేను మళ్లీ ఉత్తరం రాయక్కర్లేదు.

మగవాళ్లు రారా అంటే వస్తారు. అప్పుల బాధలో అంటించుకున్నవాళ్లు, ఆస్తి తగాదాల్లో తమ్ముడి చేతిలో కాలినవాళ్లు. వాళ్లనూ ఒంటరిగానే అడగండి. ముసలివాళ్లను మరీ ముఖ్యంగా అడగండి, కొడుకు పక్కన నిలబడి ఉండగా ఏ తల్లీ నిజం చెప్పదు.

నర్సులకు దీని గురించి రెండు రోజుల శిక్షణ ఇప్పించండి. డ్రెస్సింగ్ గదిలో వినిపించే మాటలు మేమే మొదట వింటాం. విన్నది ఎక్కడ రాయాలో, ఎవరికి చెప్పాలో మాకు ఎవరూ చెప్పలేదు, రాస్తే మమ్మల్ని కాపాడే వాళ్లూ లేరు. రాయడానికి ఒక కాగితం, ఆ కాగితం చేరాల్సిన ఒక మనిషి పేరు, అంతే కావాలి. శిక్షణకు మీ దగ్గర మనుషులు తక్కువైతే నాకు కబురు చేయండి. మోకాళ్ల నొప్పులున్నా రెండు రాష్ట్రాల్లో ఏ ఊరికైనా బస్సెక్కి వస్తాను. డ్రెస్సింగ్ మొదలయ్యేది పొద్దున తొమ్మిదింటికి, నేను ఎనిమిదిన్నరకే అక్కడుంటాను.

ఇట్లు,
బర్న్స్ వార్డులో పనిచేసిన ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు